కింద పట్టా లేని తలుపు

నేను అల్యూమినియం పని మానేసి కొంతకాలమైంది. నడుము ఒప్పుకోవడం లేదు. తెనాలిలోని మా షాపులో ఇప్పుడు మా మేనల్లుడు కూర్చుంటున్నాడు. సాయంత్రం పూట నేనూ వెళ్ళి ఒక మూల కుర్చీ వేసుకుంటాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అక్కడ చేరి, "భాయ్, మీరు చేసినవాటిలో పెద్ద పని ఏంటి?" అని అడుగుతుంటారు. ఏ షాపింగ్ కాంప్లెక్సు అద్దాల గురించో, ఏ ఫంక్షన్ హాలు గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నేను రేపల్లెలో బిగించిన ఒక తలుపు గురించి మొదలుపెడతాను. వాళ్ళ మొహాలు కాస్త వాడిపోతాయి. పరవాలేదు, ఆఖరుదాకా వినకుండా ఎవరూ లేవలేదు ఇంతవరకు.

ఆ పని నేనొక్కణ్ణే చేసింది కాదు. అంగలకుదురు నుంచి సైకిల్ మీద వచ్చే ఒక మేస్త్రీ, నేను కలిసి చేశాం. మా ఇద్దరిదీ చాలా ఏళ్ళ జోడీ. ఆయన అసలు వడ్రంగి. టేకు తలుపులు చేసిన చేతులవి. జనం కర్ర మానేసి అల్యూమినియం వైపు మళ్ళాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. మనిషి వచ్చాడే గానీ మనసు మాత్రం చెక్క దగ్గరే ఉండిపోయింది. "ఏం భాయ్ ఇది, రేకు! చెక్కయితే చిత్రిక పడితే మాట వింటుంది. ఇది కోస్తే తెగుతుంది, అంతే" అని రోజుకొకసారైనా విసుక్కునేవాడు.

ఆయన పనిలో చేరిన కొత్తలో, ఈ ఛానళ్ళు ఎలా తయారవుతాయో నేను ఆయనకు జంతికలతో చెప్పాను.

"మీ ఇంట్లో జంతికలు ఎలా వేస్తారు మేస్త్రీ?"

"గొట్టంలో పిండి పెట్టి నొక్కుతారు."

"కింద బిళ్ళకి నక్షత్రం కన్నం ఉంటే?"

"నక్షత్రంలా వస్తాయి. ఇది కూడా అంతేనంటావా?"

అంతే. అల్యూమినియం దిమ్మను బాగా వేడి చేసి మెత్తబరిచి అచ్చులోంచి బలంగా నెడతారు. కన్నం ఏ ఆకారంలో ఉంటే కడ్డీ పొడవునా అదే ఆకారం. యూ అక్షరంలా వచ్చిందాన్ని నేలకో గోడకో బిగించి అందులో అద్దాన్నో పలకనో కూర్చోబెడతాం. ఎల్ లా వచ్చింది యాంగిల్, మూలలు కలపడానికి. నాలుగు వైపులా మూసుకుపోయి గొట్టంలా వస్తే బాక్సు, నిలువు కాళ్ళకీ అడ్డ దూలాలకీ అదే. రెండు పలకలను పక్కపక్కన పట్టి ఉంచేది హెచ్. కిటికీ రెక్కలు అటూ ఇటూ జరగడానికి సన్నటి గట్లతో ఉండేది ట్రాకు. మా మేస్త్రీ దాన్ని పట్టా అనేవాడు, రైలు పట్టాలా. ఈ కథలో ముల్లులా గుచ్చుకున్నది ఆ పట్టాయే.

రేపల్లెలో ఆ ఇంటికి మమ్మల్ని పిలిచింది ఇంటి యజమాని. చేపల లారీ నడుపుతాడు. తెల్లవారకముందే నిజాంపట్నం వెళ్ళిపోతాడు. ఆయన భార్య ఆసుపత్రిలో నర్సు. ఆయన చెల్లెలు వాళ్ళతోనే ఉంటుంది. ఆవిడ గవర్నమెంటు స్కూల్లో లెక్కల టీచరు. బస్సు ప్రమాదంలో వెన్నుకు దెబ్బ తగిలి కాళ్ళు పనిచేయకుండా పోయాయి. మేము వెళ్ళేసరికి చక్రాల కుర్చీలో కూర్చుని ముందు గదిలో ఉన్నారు. వయసు నలభై లోపే. మమ్మల్ని చూసి నమస్కారం పెట్టి, నేరుగా పనిలోకి దిగారు.

"మా సింహద్వారానికి గడప ఎత్తు, అన్నయ్యా. దాన్ని కోయించడం మా అన్నకి ఇష్టం లేదు. అందుకని ఈ పక్క కిటికీ తీసేసి, వరండాలోకి తలుపు పెట్టిద్దామంటున్నాడు. స్లైడింగ్ తలుపు అయితే కుర్చీలో కూర్చుని కూడా లాక్కోవచ్చని. బాగానే ఉంది. మీ స్లైడింగ్ తలుపుకి కింద ఏముంటుంది?"

"ట్రాకు ఉంటుందమ్మా."

"ఎంత ఎత్తు?"

బొటనవేలూ చూపుడువేలూ ఎడంగా పెట్టి చూపించాను. ఆవిడ వంగి తన కుర్చీ ముందు చక్రాలు చూపించారు. అరచేతిలో పట్టేంత చిన్నవి.

"వీటికి అది కొండ" అన్నారు నవ్వుతూ.

పక్కనే నిలబడ్డ ఆవిడ అన్నగారు కలగజేసుకున్నాడు. "ఎందుకే అంత ఆలోచన? మేమున్నాం కదా. కాస్త ముందుకెత్తి దాటిస్తే అయిపోతుంది."

"ఎత్తేవాళ్ళు లేరన్నానా అన్నయ్యా? ఎత్తకుండా వెళ్ళాలంటున్నాను."

ఆవిడే విడమరిచి చెప్పారు. సెలవు అయిపోవస్తోంది. స్కూలు పక్క వీధిలోనే. పొద్దున్న స్కూలు టైముకి అన్న లారీ మీద ఉంటాడు, వదిన డ్యూటీలో ఉంటుంది. ఇంట్లోంచి తనంతట తాను బయటపడగలిగితేనే ఉద్యోగం. లేకపోతే స్వచ్ఛందంగా మానుకోమని బంధువులు అప్పుడే సలహాలు మొదలుపెట్టారు.

"ఇంటి బయట ఏం చేయాలో నేను చూసుకుంటాను. ఇంట్లోంచి బయటికి పంపించడం మీ పని" అన్నారు.

రైల్లో తెనాలి తిరిగి వస్తూ మేస్త్రీ, నేను అదే మాట్లాడుకున్నాం. నేలను కాస్త తవ్వి ట్రాకును లోపలికి దించేస్తే పైన ఏమీ తగలదు కదా అని నాకు తోచింది. ఆయనకూ నచ్చింది. కిటికీ తీసేసి తలుపు పెట్టే రోజున, చెక్కలో గాడి తీసినంత నున్నగా గచ్చులో గాడి తీశాడు ఆ మనిషి. ట్రాకు అందులో కూర్చుంది. గట్లు నేలకు సమంగా నిలిచాయి. టీచరు గారు కుర్చీ తోసుకుంటూ వచ్చి, చిన్న చక్రాలు గాడి మీదుగా టకటకమని దాటించి, వరండాలోకి వెళ్ళి, మెట్ల పక్కన తను అప్పటికే కట్టించుకున్న ఏటవాలు మీదుగా గేటు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చారు. వదిన గారు మా అందరికీ కాఫీలు ఇచ్చింది. మేము ఆ రోజు చాలా సంతోషంగా ఇంటికి వెళ్ళాం.

తొలి వానకే ఫోన్ వచ్చింది.

"అన్నయ్యా, మీ తలుపు అలిగింది. ఎంత బతిమాలినా రానంటోంది."

ఆవిడ గొంతులో నవ్వే ఉంది గానీ మేము వెంటనే బయలుదేరాం. వెళ్ళి చూస్తే గాడి నిండా వరండా మీద నుంచి కొట్టుకొచ్చిన ఇసుక, బురద. తలుపు అడుగున ఉండే రోలర్లు అందులో కూరుకుపోయాయి. గాడి నిండిపోయిన నీళ్ళు పొంగి గదిలోకి వచ్చాయి. పక్కింటావిడ వంటింటి వైపు నుంచి వచ్చి నీళ్ళు తోడుతోంది. టీచరు గారు గది మధ్యలో కుర్చీలో ఉన్నారు. ఒళ్ళో గొడుగు ఉంది. వానలో కూడా స్కూలు దాకా వెళ్ళగలనో లేదో చూసుకుందామని బయలుదేరారట. మధ్యాహ్నమంతా ఆ తలుపుతో పెనుగులాడారట. రెండు అరచేతులూ ఎర్రగా కంది ఉన్నాయి.

మేస్త్రీ ఆ చేతులు చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. కింద కూర్చుని చేత్తోనే ఇసుక తోడడం మొదలుపెట్టాడు.

సాయంత్రం అన్నగారు వచ్చాడు. కోప్పడలేదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది. "మీరు చేయాల్సింది చేశారు భాయ్. ఇక చాలు. మామూలు తలుపు పెట్టేయండి. పొద్దుటిపూట దీనికి తోడుగా ఎవరినైనా పెడతాను. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

టీచరు గారు ఆయన వైపు చూడలేదు. నా వైపు చూశారు. "ఇంకొక్కసారి ఆలోచించండన్నయ్యా. లెక్క తప్పిందని పుస్తకం మూసేస్తామా?"

తిరుగు రైల్లో మేస్త్రీ చాలాసేపు కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. ఇక ఈ రేకు పని నా వల్ల కాదంటాడేమో అనుకున్నాను. వేమూరు దాటాక నా మోకాలి మీద తట్టాడు.

"భాయ్, తలుపు బరువంతా ఎక్కడ పెడుతున్నాం?"

"కింద."

"అందుకే కింద పట్టా కావాల్సొస్తోంది. పైనుంచి వేలాడదీస్తే?"

అప్పుడు నాకు బాపట్లలో ఒక కల్యాణమండపం గుర్తొచ్చింది. పెద్ద హాలును అవసరాన్ని బట్టి రెండు చేసుకోవడానికి మధ్యలో మడతల తెర లాంటి పలకలు ఉండేవి. వాటికి కింద ఏమీ ఉండదు. అన్నీ పైనుంచే వేలాడతాయి. మర్నాడే ఇద్దరం బాపట్ల వెళ్ళాం. పెళ్ళిళ్ళు లేని రోజులు. వాచ్‌మన్‌కు మేం చెప్పింది ఎంతవరకు అర్థమైందో తెలియదు గానీ హాలు తెరిచాడు. మేస్త్రీ చొక్కా మాసిపోతుందని కూడా చూడకుండా నేల మీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తూ ఉండిపోయాడు.

"ఏంటండి, ఆయనకి ఒంట్లో బాగోలేదా?" అని వాచ్‌మన్ కంగారుపడ్డాడు.

"బాగానే ఉందండి. ఛానల్ చూస్తున్నాడు."

పైన నోరు కిందికి తెరుచుకుని ఉన్న ఛానల్ ఉంది. దాని పెదవులు రెండూ లోపలికి మడిచి ఉంటాయి. లోపల చిన్న చక్రాల బండి ఆ పెదవుల మీద నడుస్తుంది. బండి నుంచి దిగిన బోల్టుకు పలక వేలాడుతుంది. కింద నేల నేలలాగే ఉంది. మేస్త్రీ పలకను ఒక వేలితో తోశాడు. అది నీళ్ళ మీద పడవలా కదిలింది. ఆయన ఇంకొక్కసారి తోసి, లేచి కూర్చుని, "ఇది మనం చేద్దాం" అన్నాడు.

మరో సంగతి కూడా అక్కడే కంటబడింది. ఎవరో మామూలు ఇనుప బోల్టులు వాడారు. సముద్రపు గాలికి అవి తుప్పు పట్టి, చుట్టూ అల్యూమినియం మీద తెల్లటి పొడి లేచింది. ఉప్పుగాలి ఊళ్ళల్లో అల్యూమినియానికి ఇనుము తోడు పనికిరాదు. తుప్పు పట్టని స్టీలు మరలే వాడాలి. రేపల్లెకూ ఆ గాలి తగులుతుంది. వేలాడే తలుపు బోల్టును తుప్పు తింటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈసారి తొందరపడలేదు. కిటికీ పైన ఉన్న పాత లింటల్ దూలం ఆ బరువు మోస్తుందన్న నమ్మకం లేక, ద్వారం కంటే వెడల్పుగా ఒక మందపాటి బాక్సు సెక్షన్ అడ్డంగా వేసి రెండు వైపులా గోడలోకి స్టీలు బోల్టులతో బిగించాం. దాని కడుపు కింద వేలాడే ట్రాకు. తలుపు గాలికి ఊగకుండా కింద ఒక మూల, కుర్చీ దారికి రాని చోట, చిన్న వేలు లాంటి ముక్క పెట్టాం. తలుపు అడుగున ఉన్న సన్నటి గాడి ఆ వేలును పట్టుకుని జరుగుతుంది. నీళ్ళు లోపలికి రాకుండా వరండా గచ్చును బయటికి వాలు చేయించాం. తలుపు అంచుకు దుమ్ము ఆపే బ్రష్ పట్టీ పెట్టాం. పాత గాడిని సిమెంటుతో పూడ్చే పని మేస్త్రీ ఎవరికీ ఇవ్వలేదు. తనే తాపీ పట్టుకుని నున్నగా పూడ్చాడు.

అంతా అయ్యాక అన్నగారికి కొత్త సందేహం వచ్చింది. "ఇదివరకంటే కనీసం పట్టా ఉంది. ఇప్పుడు గడప అని చెప్పడానికి ఏమీ లేదు. మనుషులు తిరిగే ద్వారానికి గడప లేకపోతే ఎలాగండీ?"

గడప ఆచారం మా ఇళ్ళల్లో లేనిది, ఆ విషయంలో నేను మాట్లాడటం బాగోదు. మేస్త్రీ కూడా తల గోక్కున్నాడు. వదిన గారు లోపలికి వెళ్ళి గిన్నెలో పసుపు కలుపుకొచ్చింది. తలుపు కింద నేల మీద బెత్తెడు వెడల్పున ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పసుపు రాసి, రెండు కొసలా బొట్లు పెట్టి, మధ్యలో ముగ్గు గీసింది.

"ఇదే గడప. పసుపు ఉండాలి గానీ ఎత్తు కూడా ఉండాలా ఏంటి?" అంది భర్తతో. ఆయన నవ్వేశాడు. టీచరు గారు మాత్రం, పసుపు ఆరేదాకా కుర్చీ తీసుకురానని అవతలే ఆగిపోయారు.

తర్వాత ఒక పెద్ద వాన వచ్చింది. ఫోన్ రాలేదు. మేమే ఉండబట్టలేక చేశాం. "తలుపు బుద్ధిగా ఉంది" అన్నారు.

ఆవిడ మళ్ళీ స్కూల్లో చేరే రోజు వచ్చింది. "మొదటి రోజు కదా, తలుపు ఏమైనా పేచీ పెడితే పక్కన ఉండండన్నయ్యా" అని అడిగితే పొద్దుటి రైలుకు పనిముట్ల సంచీ తీసుకుని వెళ్ళాం. మా అవసరం రాలేదు. ఉతికిన కాటన్ చీర కట్టుకుని, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, ఒక చేత్తో తలుపు తోసి, పసుపు గీత మీదుగా బయటికి వచ్చి, వెనక్కి తిరిగి తలుపు వేసి తాళం పెట్టుకున్నారు. డ్యూటీకి వెళ్ళాల్సిన వదిన వీధి మలుపులో ఆగి చూస్తోంది. మేం చూశామని తెలిసి కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది.

సంచీతో మేం కూడా ఆవిడ వెనకే నడిచాం. దారిలో ఒక గతుకు దగ్గర మేస్త్రీ చెయ్యి కుర్చీ పిడి మీదికి వెళ్ళబోయింది. నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. ఆవిడ గతుకు పక్కనుంచి తిప్పుకుని వెళ్ళిపోయారు.

స్కూలు గేటు దగ్గర పిల్లలు గుమిగూడారు. హెడ్ మేడం స్వయంగా ఎదురొచ్చారు. మెట్ల పక్కన ఏటవాలు ముందే కట్టించారట. టీచరు గారు దాని మీదుగా వరండాలోకి ఎక్కారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేము ఇక వెళ్దామనుకుంటుండగా, ఆవిడ తన క్లాసు తలుపు ముందు ఆగిపోవడం కనిపించింది.

ఆ గది ఇదివరకు ఒక పెద్ద హాలు. ఆవిడ సెలవులో ఉన్నప్పుడు మధ్యలోనూ ముందువైపునా అల్యూమినియం పార్టిషన్ వేసి దాన్ని రెండు క్లాసులు చేశారు. పని శుభ్రంగానే ఉంది. అయితే పార్టిషన్‌కు నేల మీద ఆధారంగా వేసిన యూ ఛానల్, తలుపు ఉన్న చోట కూడా తెగకుండా అటునుంచి ఇటు దాకా నడిచింది. దాని నోరు ఒక పట్టీతో మూశారు. కాళ్ళతో నడిచేవాళ్ళకు అది అడ్డమే కాదు. ఏటవాలు కట్టించినవాళ్ళకూ, చూసి వెళ్ళినవాళ్ళకూ, ఎవరికీ తట్టలేదు. చిన్న చక్రాలు దానికి తగిలి ఆగాయి. ఆవిడ వెనక్కి వచ్చి మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ ఆగాయి.

లోపల పిల్లలంతా లేచి నిలబడి ఉన్నారు. "గుడ్ మార్నింగ్ టీచర్" సగంలోనే ఆగిపోయింది.

డ్రిల్ మాస్టారు పరుగున వచ్చాడు. "ఏం లేదు టీచర్, ఇద్దరం చెరో వైపు పట్టుకుంటే..."

"వద్దండి. ఇవాళ మీరు ఎత్తుతారు. రేపు మీరు సెలవు పెడితే?"

"పోనీ చెక్క వేద్దామా?" అన్నారు హెడ్ మేడం.

"చెక్క ఇవాళ ఇక్కడుంటుంది మేడం. రేపు ఏ బెంచీ కిందో ఉంటుంది. ఎవరో ఒకరు వెతికి తెచ్చేదాకా నేను గుమ్మంలో కూర్చోవాలి."

"పిల్లల్నే వరండాలోకి రమ్మందామా, ఈ పూటకి?"

టీచరు గారు గుమ్మంలోంచి బోర్డు వైపు చూశారు. అప్పటిదాకా నేను ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూడలేదు. ఇంట్లో ఇసుకలో ఇరుక్కున్న రోజున కూడా లేవు. "బోర్డు లోపలుంది మేడం. నేనే లోపలికి వెళ్ళాలి" అన్నారు మెల్లగా.

మేస్త్రీ అప్పటికే సంచీలోంచి గ్రైండర్ తీశాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఆగు మేస్త్రీ."

"ఏంటి ఆగేది? నిమిషంలో కోసేస్తా."

"కోస్తావు సరే, ఈ నిలువు కాళ్ళు రెండూ దేన్ని పట్టుకుని ఉన్నాయి? ఆ ఛానల్నే. అది తీసేస్తే తలుపు వేసిన ప్రతిసారీ ఊగుతాయి. పైన అద్దం ఉంది. పక్కన పిల్లలు కూర్చుంటారు."

ఆయన అద్దం వంక, పిల్లల వంక చూసి గ్రైండర్ కింద పెట్టాడు.

హెడ్ మేడం ఇబ్బంది ఇంకొకటి. కొత్తగా అప్పగించిన పని. ఇంజనీరు గారిని అడగకుండా చెయ్యి వేయకూడదు. ఫోన్ చేశారు. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. ఏ బండి మీదో ఉండి ఉంటాడు. బెల్లు కొట్టారు. పక్క గదుల్లో పాఠాలు మొదలయ్యాయి. ఈ గదిలో పిల్లలు మాత్రం కూర్చోమన్నా కూర్చోవడం లేదు. గుమ్మానికి అవతల వాళ్ళు, ఇవతల ఆవిడ.

హెడ్ మేడం ఫోన్ చేతిలో తిప్పుతూ కాసేపు నిలబడ్డారు. తర్వాత నన్ను అడిగారు. "ఇది తీసేస్తే గోడ గట్టిగా ఉండేలా చేయగలరా? పిల్లలకు ఏమీ కాకూడదు."

"చేయగలమండి. కాళ్ళను విడిగా నేలకు బిగించాలి. ఎల్ యాంగిల్ ముక్కలు కావాలి. మా సంచీలో లేవు."

మేస్త్రీ నా వైపు అదోలా చూశాడు. వంగి ఆ ఛానల్ అంచు తడిమాడు. "భాయ్, యూని నిలువునా చీలిస్తే ఏమవుతుంది?"

నేను నవ్వేశాను. రెండు ఎల్లు అవుతాయి. కావాల్సిన సరుకు దారికి అడ్డంగా పడి ఉన్నదే.

"కోయండి. ఇంజనీరు గారికి నేను చెప్పుకుంటాను" అన్నారు హెడ్ మేడం.

పిల్లల్ని గది వెనక్కి పంపించాం. టీచరు గారు వరండాలో కుర్చీ పక్కకు తీసుకుని చూస్తూ కూర్చున్నారు. మేస్త్రీ రెండు కొసలా జాగ్రత్తగా కోసి, తలుపు వెడల్పు ముక్కను ఊడదీశాడు. వరండా గట్టు మీద దాన్ని పెట్టి, నేను ఒక కొస పట్టుకుంటే, నిలువునా చీల్చి, పొట్టి ముక్కలు చేసి, చేతికి గీసుకోకుండా అంచులన్నీ ఆకురాయితో నున్నగా అరగదీశాడు. టేకు చెక్క దగ్గర ఉన్న శ్రద్ధే ఆ ముక్కల దగ్గరా చూశాను. ఒక్కో కాలికి లోపలా బయటా ముక్కలు పెట్టి, కాలికి రివిట్లు, నేలకు స్టీలు మరలు వేశాం. నేను నా బరువంతా వేసి కాలిని తోశాను. కదల్లేదు. తలుపు తీసి, గట్టిగా వేసి చూశాను. అద్దం చప్పుడు చేయలేదు. నేల మీద మిగిలిన మరల కన్నాలను మేస్త్రీ సిలికాన్‌తో మూసి బొటనవేలితో నున్నగా అద్దాడు.

ఈలోగా ఇంజనీరు గారి ఫోన్ వచ్చింది. హెడ్ మేడం కొంచెం పక్కకు వెళ్ళి మాట్లాడి, ఫోటో తీసి పంపించారు. కాసేపటికి మళ్ళీ మోగింది. ఆవిడ ఫోన్ నాకు ఇచ్చారు.

"కాళ్ళకి ఏం పెట్టారండి?" అని అడిగాడాయన. చెప్పాను. "మంచిది. డ్రాయింగ్‌లో అది మేమూ గమనించలేదు. అవతలి గదిది కూడా తీసేసి ఇలాగే బిగించి వెళ్ళండి. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు. మర్యాదస్తుడు. అవతలి గదిలో పాఠం నడుస్తోంది కాబట్టి దాన్ని ఆదివారం వచ్చి చేసి వెళ్ళాం.

కుర్రాళ్ళకు నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు. షాపులో మీ వెనక నిలబెట్టిన ఛానళ్ళన్నీ మంచివే. యూ మంచిదే, ట్రాకు మంచిదే. దేన్నయినా మనుషులు నడిచే దారికి అడ్డంగా వేసే ముందు, ఆ దారిలో ఎవరెవరు వెళ్తారో ఒకసారి అడగండి. ఆ టీచరు గారు అడిగేదాకా మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ ఎవరినీ అడగలేదు. ఆ తర్వాత నేను ఏ ఇంటికి కొలతలకు వెళ్ళినా మొదట అడిగే ప్రశ్న అదే అయింది. కొందరు వింతగా చూసేవారు. చూడనివ్వండి.

గుమ్మం దగ్గర పొడి అంతా ఊడ్చేసి పక్కకు జరిగాం. టీచరు గారు కుర్చీ తిప్పుకుని వచ్చారు. గుమ్మం ముందు ఒక్క క్షణం చక్రాల మీద చేతులు ఆనించి ఆగారు. తర్వాత లోపలికి వెళ్ళారు. ఏమీ తగల్లేదు. బోర్డు దాకా వెళ్ళి, తిరిగి గుమ్మం దాకా వచ్చి, బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళారు. లెక్క సరిచూసుకున్నట్టు. అప్పుడు పిల్లలు పూర్తిగా చెప్పారు, "గుడ్ మార్నింగ్ టీచర్" అని. ఆ అరుపుకు పక్క గది మాస్టారు తొంగి చూశాడు.

ఆవిడ హాజరు పిలవడం మొదలుపెట్టారు. మేము సంచీ సర్దుకున్నాం. వచ్చేస్తూ, అలవాటు కొద్దీ, గొళ్ళెం సరిగ్గా పడుతోందో లేదో చూద్దామని తలుపు మీద చెయ్యి వేసి మూయబోయాను.

"ఉంచండన్నయ్యా" అన్నారు లోపలి నుంచి. "నేను వేసుకుంటాను."

చెయ్యి తీసేశాను. ఆవిడ హాజరు ఆపి, కుర్చీ తోసుకుంటూ గుమ్మం దాకా వచ్చారు. మా ఇద్దరి మొహాలూ చూసి తల పంకించి, తలుపు వేసేసుకున్నారు. గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది.

మేస్త్రీ, నేను ఆ మూసిన తలుపు ముందు కాసేపు నిలబడ్డాం. ఎందుకు నిలబడ్డామో తెలియదు. లోపల మళ్ళీ పేర్లు పిలుస్తున్నారు.

"మన మొహం మీదే వేసేసింది భాయ్" అన్నాడు మేస్త్రీ. నవ్వుతూ అన్నవాడు, ఆ నవ్వు ఆపుకోవడానికి స్టేషన్ దాకా అవస్థ పడ్డాడు.